తక్షణ కారణం ఒక్క వాక్యం కాదు

సంపాదకుడు గారికి,

మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు చెప్పమంటే పదో తరగతి పిల్లలు గడగడా అప్పజెబుతారు. దురహంకార జాతీయవాదం, సామ్రాజ్యవాదం, రహస్య ఒప్పందాలు, సైనికవాదం, చివర తక్షణ కారణంగా ఆస్ట్రియా యువరాజు హత్య. మార్కులూ పడతాయి. కానీ బోస్నియాలోని సరయేవో నగరంలో ఆ హత్య జరిగింది 1914 జూన్ 28న, బ్రిటన్ యుద్ధంలోకి దిగింది ఆగస్టు 4న. మధ్యలో 37 రోజులు ఏం జరిగిందంటే జవాబు ఉండదు. అసలు పాఠమంతా అక్కడే ఉంది. ఒక్క పిరియడ్ చాలు, దాన్ని పిల్లలతోనే ఆడించవచ్చు.

తరగతిని ఆరు జట్లు చేయండి: ఆస్ట్రియా-హంగరీ, సెర్బియా, రష్యా, జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్. తేదీ వేసిన చీటీలు ఒక్కొక్కటే ఇవ్వాలి. అన్నీ ఒకేసారి పంచితే పిల్లలు ఆఖరి చీటీ చదివేసి కూర్చుంటారు, ఆట అక్కడితో సరి. జులై 23 చీటీ సెర్బియాకు: హత్య వెనక సెర్బియా హస్తం ఉందంటూ ఆస్ట్రియా పెట్టిన డిమాండ్లు, 48 గంటల గడువు. హత్య దర్యాప్తులో ఆస్ట్రియా అధికారులు సెర్బియా గడ్డ మీదే పాల్గొంటారన్నది అందులో మెలిక. సెర్బియా చాలావాటికి తలొగ్గింది, దీనికి మాత్రం ఒప్పుకోలేదు. 28న ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. 30న సెర్బియాకు అండగా రష్యా పూర్తి సైనిక సమీకరణకు ఆదేశించింది.

ఏ జట్టయినా ‘యుద్ధం’ అంటే ఎవరికి భయపడి ఆ నిర్ణయం తీసుకుందో ఒక వాక్యం రాయాలన్న షరతు పెట్టండి. లేకపోతే వెనక బెంచీ నుంచి మొదటి నిమిషంలోనే యుద్ధం వచ్చేస్తుంది.

పిల్లలు నిజంగా తికమకపడేది ఆగస్టు మొదటి వారంలో. రష్యాతో తగువుపడిన జర్మనీ బెల్జియం మీద పడటమేమిటి? ఇక్కడ గోడకున్న నేటి పటం పనికిరాదు. అందులో జర్మనీ, రష్యాల మధ్య పోలండ్ ఉంటుంది. 1914లో ఆ రెండింటికీ ఉమ్మడి సరిహద్దు. బోర్డు మీద సుద్దముక్కతో ఆనాటి హద్దులు గీసి జర్మనీకి అటు రష్యా, ఇటు రష్యా మిత్రదేశం ఫ్రాన్స్ చూపించాలి. రష్యా సైన్యం కూడేలోగా, సుమారు ఆరు వారాల్లో, బెల్జియం మీదుగా వెళ్లి ఫ్రాన్స్‌ను ఓడించాలన్నది జర్మనీ పథకం. అంతా రైళ్ల వేళల మీద నడిచే లెక్క. అందుకే ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్స్ మీద యుద్ధం ప్రకటించి 4న బెల్జియంలోకి చొరబడింది. బెల్జియం తటస్థతకు 1839 ఒప్పందంలో హామీ ఇచ్చిన బ్రిటన్ ఆ రోజే దిగింది.

ఇటలీ చీటీ చివరికి దాచండి. జర్మనీ, ఆస్ట్రియాలతో కలిసి త్రిరాజ్య కూటమిలో ఉండి కూడా అది తటస్థంగా నిలిచింది, 1915లో ఆస్ట్రియా మీదికే వచ్చింది. కూటములే యుద్ధాన్ని తెచ్చాయన్న బట్టీ జవాబు అక్కడ తడబడుతుంది.

మనవాళ్లకు ఇదంతా ఎందుకని అడిగే పిల్లాడు తప్పకుండా ఉంటాడు. ఆగస్టు 4 తర్వాత సరిగ్గా ఏడు వారాలకు, సెప్టెంబర్ 22 రాత్రి, ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవు పక్కనున్న చమురు ట్యాంకులను పేల్చింది. అప్పటికి మద్రాసే మన కోస్తా, రాయలసీమ జిల్లాల రాజధాని.

పరీక్షల బోర్డు ‘కారణాలు తెల్పుము’ బదులు ఒక్కసారి ఇలా అడిగి చూడాలి: జులై 23 నుంచి ఆగస్టు 4 దాకా ఉన్న ఈ ఆరు తేదీలను వరసలో పెట్టి, వీటిలో ఏ నిర్ణయం మరోలా ఉండి ఉండవచ్చో రెండు వాక్యాల్లో రాయండి.

ఇట్లు,
కొందరు సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు,
విజయనగరం జిల్లా