సాయంత్రం పూట కంప్యూటర్ ల్యాబ్ తెరిపించండి

జిల్లా విద్యాశాఖాధికారి గారికి నమస్కారం.

పరకాల దగ్గర సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడి మీద మా తొమ్మిదో తరగతి పిల్లలు గూగుల్ డాక్స్‌లో జట్లుగా వ్యాసం రాస్తున్నారు. ఒకరు నీళ్లలో తేలే ఇటుకల గురించి టైప్ చేస్తుంటే, పక్క కంప్యూటర్ మీద ఇంకొకరు అదే పేజీలో అక్షరదోషాలు దిద్దుతారు. ఎవరు ఏ వాక్యం రాశారో వెర్షన్ హిస్టరీలో కనబడుతుంది. క్లాసులో నోరు విప్పని పిల్ల ఎంత రాసిందో అక్కడే తెలిసింది, నాకు ఎంత సంతోషమైందో! టైపింగ్ రానివాళ్లు మైకులో తెలుగులో చెబితే అదే టైప్ అవుతుంది. మన యాస మాటలు కొన్ని తప్పుగా పడతాయి, దిద్దుకుంటారు.

సార్, ఒక్క పీరియడ్ చాలడం లేదు. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే నాన్నతో పనికి పోతుంది. బడి అయ్యాక గంటసేపు ల్యాబ్ తెరిచి ఉంచేలా ఉత్తర్వులివ్వండి. ఇదే పని ఆరో తరగతి వాళ్లతో చేయిద్దామంటే వాళ్లకు 13 ఏళ్లు నిండవు, ఇందుకు కావలసిన గూగుల్ ఖాతా సొంతంగా తెరవలేరు. తల్లిదండ్రుల అనుమతి పత్రానికి జిల్లా అంతటికీ ఒకే నమూనా పంపండి.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు