స్క్రూ పొడవెక్కువై కాలిన మోటార్‌ను ప్రమాద నష్టమని తోసిపుచ్చడంపై ఫిర్యాదు

వారంటీ, నాణ్యత తనిఖీ విభాగాల అధికారులకు,

విషయం: బిగించి అమ్మిన 5 అంగుళాల రేసింగ్ క్వాడ్‌కాప్టర్‌లో బిగింపు లోపం, వారంటీ నిరాకరణ

అయ్యా / అమ్మా,

మీ సంస్థ నుంచి కొన్న రేసింగ్ డ్రోన్ గాలిలో ఉండగానే వెనుక ఎడమ మోటార్ కాలిపోయి కింద పడింది. వారంటీ కింద బాగుచేయమని రాస్తే, విరిగిన ఆర్మ్ (మోటార్‌ను మోసే ఫ్రేమ్ చెయ్యి) ఫొటో ఒక్కటి చూసి ‘ప్రమాదంలో జరిగిన నష్టానికి వారంటీ వర్తించదు’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. దానితోపాటు పంపిన మిగతా ఫొటోలను గానీ, ఫ్లైట్ రికార్డును గానీ ఎవరూ తెరిచి చూసినట్టు లేదు. చూసి ఉంటే ఆ జవాబు రాసేవారు కాదు. డ్రోన్ పడడం వల్ల మోటార్ కాలలేదు. మోటార్ కాలడం వల్ల డ్రోన్ పడింది. ఆధారాలన్నీ మళ్లీ మీ ముందు పెడుతున్నాను. ఈసారి దయచేసి డ్రోన్ బిగింపు తెలిసిన వారి చేత చదివించండి.

మీ ఫ్రేమ్ ఆర్మ్ మందం 5 మిల్లీమీటర్లు. దాని మీద 2207 సైజు మోటార్‌ను బిగించడానికి 8 మి.మీ. పొడవున్న ఎం3 (3 మి.మీ. మందం) స్క్రూలు వాడతామని మీ వివరాల పత్రంలోనే ఉంది. అది సరైన కొలతే. మోటార్ అడుగు భాగంలోకి 3 మి.మీ. దిగి గట్టిగా పట్టుకుంటుంది. కానీ వెనుక ఎడమ మోటార్‌ను ఊడదీసి కొలిస్తే నాలుగూ 10 మి.మీ. స్క్రూలే. ఆ అదనపు 2 మి.మీ. అడుగు పలకను దాటి నేరుగా రాగి తీగ చుట్ల మీదికి పొడుచుకెళ్లింది. ఒక స్క్రూ కొనను భూతద్దంలో చూస్తే నల్లటి పూత అరిగిపోయి, సన్నటి రాగి పొడి అంటుకొని మెరుస్తోంది. సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న చుట్టలో తీగ మీది ఎనామిల్ పూత లేచిపోయి, తీగలు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మల్టీమీటర్‌తో చూస్తే మోటార్ తీగకూ, అడుగు లోహానికీ మధ్య కనెక్షన్ ఉన్నట్టు బీప్ మోగుతోంది. బాగున్న మోటార్‌లో ఆ రెండింటి మధ్య ఎప్పుడూ మోగకూడదు.

అంతటితో ఆగలేదు. ముందు కుడి మోటార్ కూడా విప్పాను. దానికీ 10 మి.మీ. స్క్రూలే బిగించారు. అక్కడ ఇంకా షార్ట్ కాలేదు గానీ, ఎనామిల్ మీద స్క్రూ కొన రాసుకున్న గీత స్పష్టంగా కనిపిస్తోంది. ఆ ఆర్మ్‌కు చిన్న దెబ్బ కూడా తగలలేదు. ప్రమాదంలో జరిగిన నష్టమే అయితే, దెబ్బ తగలని ఆర్మ్ మీది మోటార్‌లో ఈ గీత ఎలా వచ్చిందో చెప్పండి.

‘మొదట్లో బాగానే ఎగిరింది కదా’ అని మీ ప్రతినిధి ఫోనులో అన్నారు. ఈ లోపం అలాగే పని చేస్తుంది. స్క్రూ కొన తీగను తాకిన మొదటి రోజే మోటార్ కాలిపోదు. తీగ మీది పలుచని ఎనామిల్ ఇంకా విద్యుత్తును ఆపుతూనే ఉంటుంది. మోటార్ తిరిగిన ప్రతిసారీ పుట్టే వణుకుకు ఆ పూత కొద్దికొద్దిగా అరుగుతుంది. థ్రాటిల్ పూర్తిగా ఇచ్చినప్పుడు చుట్టలు వేడెక్కి, పూత మెత్తబడి ఇంకా తొందరగా అరుగుతుంది. పూత పోయి లోహానికి లోహం తగిలిందంటే ఇక క్షణాల పని. మీరు పంపే ముందు చేశామంటున్న పరీక్షలో డ్రోన్‌ను కాసేపు గాలిలో నిలిపి దించి ఉంటారు. ఆ పరీక్షకు ఈ లోపం దొరకదు. బిగించే బల్ల మీద స్క్రూ పొడవు కొలిస్తేనో, మల్టీమీటర్ పెట్టి చూస్తేనో దొరుకుతుంది.

ఇక బ్లాక్‌బాక్స్, అంటే డ్రోన్ ఎగిరిన తీరును నమోదు చేసే రికార్డు. డ్రోన్‌ను నడిపే బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌లో నమోదైన ఆ ఫైలును మార్చకుండా మళ్లీ జత చేస్తున్నాను. గేటు దాటి మలుపు నుంచి బయటపడుతూ థ్రాటిల్ పెంచిన చోట చూడండి. మోటార్ 3, అంటే వెనుక ఎడమది, వేగం ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది. అదే క్షణంలో ఫ్లైట్ కంట్రోలర్ (డ్రోన్‌ను అదుపు చేసే బోర్డు) ఆ మోటార్‌కు ఇస్తున్న ఆదేశం 100 శాతానికి ఎగబాకింది. తిరగని మోటార్‌ను తిప్పాలని అది చేయగలిగిందంతా చేసింది. మూలకు మూలగా ఉన్న ముందు కుడి మోటార్‌ను కనిష్ఠానికి దించి సమతూకం కాపాడాలని చూసింది. అప్పటికే డ్రోన్ తిరిగే వేగాన్ని కొలిచే జైరో గీతలు అదుపు తప్పాయి. నేలను తాకిన కుదుపు యాక్సిలరోమీటర్ గీతలో కనబడేది వీటన్నిటి తరవాతే. పడకముందు బ్యాటరీ వోల్టేజి సెల్‌కు 3.7 వోల్టుల పైనే ఉంది కాబట్టి బ్యాటరీ అయిపోయిందనడానికి వీల్లేదు. రిమోట్ నుంచి రిసీవర్‌కు వచ్చే సంకేతం కూడా చివరిదాకా తెగలేదు కాబట్టి ఫెయిల్‌సేఫ్ (సంకేతం తెగితే మోటార్లను ఆపే ఏర్పాటు) వల్ల పడిందనడానికీ వీల్లేదు.

ఇలాంటి నాలుగు మోటార్ల యంత్రంలో ఒకటి ఆగితే మిగతా మూడు దాన్ని నిలబెట్టలేవు. ఇది తనంతట తాను గాలిలో నిలబడే కెమెరా డ్రోన్ కూడా కాదు. జీపీఎస్ లేదు, ఎత్తు నిలుపుకొనే ఏర్పాటు లేదు. ఆక్రో మోడ్‌లో రిమోట్ కర్రలు ఎటు తిప్పితే అటు వంగి, వదిలేస్తే ఆ వంపులోనే ఉండిపోతుంది. అందుకే దీన్ని ఎగరేసేవాళ్లు మోటార్ మీద, దాన్ని పట్టుకున్న నాలుగు స్క్రూల మీద అంత భరోసా పెట్టుకుంటారు. గాగుల్స్ పెట్టుకున్న వ్యక్తికి డ్రోన్ కెమెరా చూపేది తప్ప చుట్టూ ఉన్నది కనబడదు. గంటకు 100 కి.మీ. దాటిన వేగంలో ఇది అదుపు తప్పితే ఎవరి మీద పడుతుందో చెప్పలేం. ఆ రోజు ట్రాక్ లోపల గడ్డి మీద పడింది. పక్కన నిలబడి చూస్తున్న వారిపై పడి ఉంటే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది.

మీ డ్రోన్‌నే ఎందుకు ఎంచుకున్నానో కూడా చెప్పాలి. విడిభాగాలు కొని సొంతంగా బిగించుకొనే మార్గం అందరికీ తెరిచే ఉంది. మోటార్లు, ఫ్రేమ్, ఫ్లైట్ కంట్రోలర్ విడివిడిగా ఎక్కడైనా దొరుకుతాయి. మీరు వాడిన భాగాలు నిజంగానే మంచివి. ఆర్మ్‌లు విడిగా మార్చుకోవచ్చు, 1950 కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి సుమారు 1950 చుట్లు తిరిగే) మోటార్లు 6ఎస్ (ఆరు సెల్‌ల) బ్యాటరీకి తగినవి, రిసీవర్ ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్ రకానిది. ఇవన్నీ చూసే తీసుకున్నాను. అయితే బిగించిన డ్రోన్‌కు అదనంగా చెల్లించేది ఆ బిగింపుకే. ఎవరో అనుభవమున్న వ్యక్తి టంకం వేసి, స్క్రూ కొలిచి, తీగ రాసుకోకుండా చూసి, ఎగరేసి పంపుతారన్న నమ్మకానికే. పెట్టె మీద ‘ప్రతి యూనిట్‌నూ మా పైలట్ పరీక్షించారు’ అని మీరే అచ్చు వేశారు. సరిగ్గా దేనికి డబ్బు తీసుకున్నారో అదే చేయలేదు.

ఊడదీసి చూసేటప్పుడు ఇంకొకటి బయటపడింది. ఇది స్క్రూల కంటే తక్కువదేమీ కాదు. బ్యాటరీ తీగల దగ్గర వేసిన కెపాసిటర్ మీద 25 వోల్టులని రాసి ఉంది. పూర్తిగా చార్జ్ అయిన 6ఎస్ లిథియం పాలిమర్ బ్యాటరీ, సెల్‌కు 4.2 చొప్పున, 25.2 వోల్టులు ఇస్తుంది. అంటే బ్యాటరీ తగిలించిన మొదటి క్షణంలోనే కెపాసిటర్ హద్దు దాటింది. మోటార్లు వేగం తగ్గించినప్పుడు తిరిగి వచ్చే వోల్టేజి పోట్లు దానికి అదనం. ఆ పోట్లను మింగడానికే కదా కెపాసిటర్ వేసేది! మీ వివరాల పత్రంలో 35 వోల్టులని ఉంది. 4ఎస్ యంత్రాలకు ఉద్దేశించినవి 6ఎస్ వాటికి వేశారేమోనని నా అనుమానం. అదే నిజమైతే లోపం నా ఒక్క డ్రోన్‌తో ఆగదు.

వీడియో ట్రాన్స్‌మిటర్ ఛానళ్ల పట్టిక సగం ఖాళీగా వచ్చిన సంగతిని ఇక్కడ పెద్దది చేయను. పోటీల్లో వాడే రేస్‌బ్యాండ్ ఛానళ్లను నేనే నింపుకున్నాను. కానీ తెలియనివారు అలాగే పోటీకి తీసుకెళ్తే పక్కవారి గాగుల్స్‌లో దృశ్యం చెడుతుందని మీ వాళ్లకు చెప్పండి.

‘సెట్టింగులు మార్చారు కాబట్టి వారంటీ పోయింది’ అని రెండో జవాబులో రాశారు. నేను మార్చినవి రేట్లు, ఆ వీడియో పట్టిక మాత్రమే. రేట్లు అంటే కర్ర కదలికకు డ్రోన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే అంకెలు. ప్రతి పైలటూ తన చేతికి తగ్గట్టు మార్చుకుంటాడని మీ మాన్యువల్‌లోనే ఒక పేజీ ఉంది. ఏ అంకె మార్చినా 8 మి.మీ. స్క్రూ 10 మి.మీ. అవదు.

న్యాయం మాట్లాడుకుందాం. రేసింగ్ డ్రోన్ అన్నాక పడుతుంది, గేటుకు గుద్దుకుంటుంది. ఆ నష్టాలను కంపెనీ భరించాలని ఎవరూ అడగరు, నేనూ అడగను. విరిగిన ఆర్మ్, పోయిన ప్రొపెల్లర్లు నా లెక్కలోనే వేసుకుంటాను. కానీ మీ నిబంధనను మీరు వాడుతున్న తీరు చూస్తే, గాలిలో ఏ లోపం బయటపడినా చివరికి డ్రోన్ నేల మీదే పడుతుంది కాబట్టి ఏ లోపానికీ వారంటీ ఉండదు. అటువంటప్పుడు పెట్టెలో ఆ వారంటీ కాగితం ఎందుకు పెట్టినట్టు?

నేను కోరేది ఇది. కాలిన మోటార్‌ను, దానితోపాటు దెబ్బతిన్న ఈఎస్‌సీని (మోటార్ల వేగాన్ని నియంత్రించే బోర్డును) మార్చి ఇవ్వాలి. నాలుగు మోటార్లకూ కలిపి ఒకే బోర్డు కాబట్టి అందులో ఒక వైపు కాలినా మొత్తం మార్చాల్సిందే. గీత పడిన ముందు కుడి మోటార్‌ను కూడా మార్చాలి, ఎందుకంటే అది రేపు కాలుతుందో ఎల్లుండి కాలుతుందో తెలియదు. సరైన స్క్రూలు, 35 వోల్టుల కెపాసిటర్ పంపాలి. అన్నిటికంటే ముందు, ఇదే బ్యాచ్‌లో కొన్నవారందరికీ ఎగరేయకుండా ఆపి స్క్రూలు కొలుచుకోమని మీరే కబురు పంపాలి. నాకు మోటార్ ఇవ్వడం ఒక వారం ఆలస్యమైనా సహిస్తాను, ఈ కబురు మాత్రం ఆలస్యం కాకూడదు. వాళ్లలో చాలామందికి ఇది మొదటి డ్రోన్ అయి ఉంటుంది. విప్పి చూడాలన్న ఆలోచనే వారికి రాదు. మీ మాట నమ్మి బ్యాటరీ తగిలిస్తారు.

కాలిన మోటార్, రెండు రకాల స్క్రూలు, కెపాసిటర్ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటోలు, మల్టీమీటర్ వీడియో, బ్లాక్‌బాక్స్ ఫైలు, బిల్లు నకలు ఈ లేఖతో పంపుతున్నాను. పరిశీలనకు అసలు భాగాలు కావాలంటే, ఏయే భాగాలు అందుకున్నారో రాసి సంతకం చేసిన రసీదు మీద ఇస్తాను. ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా సాంకేతిక విభాగం నుంచి లిఖితపూర్వకంగా జవాబు రాకపోతే, ఇవే ఆధారాలతో వినియోగదారుల ఫిర్యాదులు విచారించే అధికారుల దగ్గరికి వెళ్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు