ఇకనించి ముందు ఎర్త్ చూస్తాం, తర్వాతే మిగతా పని: మా కస్టమర్లకి ఒక అప్‌డేట్

పారిస్ చుట్టుపక్కల మా చేత కరెంటు పని చేయించుకునే తెలుగువాళ్ళందరికీ నమస్కారమండి. ఈ సీజన్ నించి మా పద్ధతి ఒకటి మారుస్తున్నాం. ఎంత చిన్న పనికి పిలిచినా, ఒక్క సాకెట్ మార్చడానికైనా సరే, వచ్చాక ముందు టాబ్లో, అంటే బ్రేకర్లన్నీ ఉండే బోర్డు, మూత తీసి లోపల చూస్తాం, ఎర్త్ కొలుస్తాం, డిఫరెన్షియల్ (లీకేజీ వస్తే కరెంటు కోసేసే స్విచ్) టెస్ట్ చేస్తాం, అప్పుడే పని మొదలెడతాం. దీనికి టైం పడుద్ది కాబట్టి విజిట్ ఛార్జ్ కూడా కాస్త పెరుగుద్ది, ఎంతన్నది ఫోన్లోనే ముందు చెప్పేస్తాం. పెరిగిందని కొందరు వేరేవాళ్ళని పిలుచుకుంటారని తెలుసండి, అయినా ఇలాగే చేద్దామనుకున్నాం. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

నేను యానాం వాణ్ణి, అక్కడే వైరింగ్ నేర్చుకుని వచ్చాను, ఇక్కడికొచ్చాక ఇక్కడి రూల్స్ మళ్ళీ మొదట్నించీ చదువుకోవాల్సొచ్చింది. వోల్టేజీ అదే 230, ఫ్రీక్వెన్సీ అదే 50, కానీ బోర్డు కట్టే పద్ధతి మాత్రం బాగా తేడా. చిన్న స్టూడియోలో కూడా ఇన్ని బ్రేకర్లేంటండీ అని అడుగుతారు చాలామంది. ఫ్రాన్స్‌లో ఎన్ఎఫ్ సీ 15-100 అని ఒక నార్మ్ ఉంది, దాని ప్రకారం ఇండక్షన్ ప్లాక్‌కి, అంటే కరెంటు పొయ్యికి, 6 స్క్వేర్ ఎంఎం వైరుతో 32 ఆంపియర్ల బ్రేకర్ విడిగా, వాషింగ్ మెషీన్‌కి, అవెన్‌కి, గీజర్‌కి దేనికది 2.5 వైరుతో 20 ఆంపియర్లు, లైట్లకి 1.5 వైరు, ఇలా దేని లైను దానిదే. అందుకే అన్ని వరసలు.

కరెంటు పోయిందంటే ఎక్కడ పోయిందో మీరే కనిపెట్టొచ్చు, చాలాసార్లు మమ్మల్ని పిలవక్కర్లేదు కూడా. ముందు ఆ లేత పచ్చ లింకీ మీటరు ఉందిగా, టాబ్లోలో బ్రేకర్లన్నీ పైకే ఉండి ఇల్లంతా చీకటైందంటే మీటరు స్క్రీన్ చూడండి, పవర్ దాటారని మెసేజ్ ఉంటే మీ కాంట్రాక్ట్‌లో ఒకేసారి వాడుకోగల పవర్ 6 కేవీఏ అనుకోండి, దానికి మించి ఒకేసారి లాగారన్న మాట. చలికాలం సాయంత్రం హీటర్లు ఆన్‌లో ఉండి, ప్లాక్ మీద రెండు పొయ్యిలూ వెలిగించి, గీజర్ కూడా ఎక్కితే 6 కేవీఏ చాలదు మరి. ఒకటో రెండో ఆపేసి, మీటరు మీద ప్లస్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి, వచ్చేస్తది. రోజూ ఇదే గొడవైతే మీ సప్లయర్‌కి ఫోన్ చేసి 9 కేవీఏ చేయించుకోండి, లింకీ ఉంటే మామూలుగా దూరం నించే మార్చేస్తారు. దీనికోసం నాకు డబ్బులు ఇవ్వద్దండి.

మీటరు తర్వాత వచ్చేది మెయిన్ బ్రేకర్, దాని మీద 500 అని ఉంటది, అంటే 500 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి పడుద్ది. అది బిల్డింగ్‌ని, వైరింగ్‌ని కాపాడడానికి, మనిషిని కాదు. మనిషిని కాపాడేది టాబ్లోలో ప్రతి వరస మొదట్లో టెస్ట్ బటన్‌తో ఉండే 30 మిల్లీ ఆంపియర్ల డిఫరెన్షియల్. ఫేజులో వెళ్ళిందీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిందీ సమానంగా ఉందా లేదా అని అది చూస్తా ఉంటది, తేడా వచ్చిందంటే ఎక్కడో నేలలోకి పోతన్నట్టే, వెంటనే కోసేస్తది. ఇంటికి కనీసం రెండు ఉండాలి, ఒక్కోదాని కింద ఎనిమిది సర్క్యూట్ల కన్నా ఎక్కువ పెట్టకూడదు. ప్లాక్, వాషింగ్ మెషీన్ లైన్లు టైప్ ఏ దాని కిందే ఉండాలి, ఎందుకంటే వాటిలో ఎలక్ట్రానిక్స్ వల్ల డీసీ కలిసిన లీకేజీ వస్తది, మామూలు టైప్ ఏసీ దాన్ని సరిగ్గా పట్టలేదు. నెలకోసారి ఆ టెస్ట్ బటన్ నొక్కండి, పడకపోతే అప్పుడు మాత్రం ఆలోచించకుండా ఫోన్ చేయండి.

ఇంకోటి, మన దగ్గర మామూలు ఎంసీబీ ఫేజు ఒక్కటే కోస్తది, ఇక్కడ బ్రేకర్లు న్యూట్రల్ కూడా కలిపి కోస్తాయి. దీని వల్ల ఏ సాకెట్ న్యూట్రల్ ఆ బ్రేకర్‌కే, ఆ డిఫరెన్షియల్ కిందకే రావాలి. సొంతంగా సాకెట్ పెంచుకున్న ఇళ్ళల్లో మేం ఎక్కువగా చూసే తప్పు ఇదే, ఫేజు ఒక వరస నించి తీసుకుని న్యూట్రల్ దగ్గర్లో ఉంది కదా అని ఇంకో వరసలోది కలిపేస్తారు, ఆ సాకెట్లో ఏదన్నా పెట్టగానే రెండు వరసలూ పడిపోతాయి, పాపం మిక్సీదే తప్పనుకుని కొత్త మిక్సీ కొంటారు.

ఇప్పుడు అసలు విషయం, ఎర్త్. పాత అపార్ట్‌మెంట్లలో వంటింట్లో, బాత్రూంలో ఎర్త్ ఉండి హాల్లో, బెడ్‌రూమ్‌లో లేకపోవడం మామూలేనండి. ఇంకా ఘోరం ఏంటంటే సాకెట్లో ఎర్త్ పిన్ను బయటికి పొడుచుకుని కనిపిస్తా ఉంటది, వెనక వైరే ఉండదు, ఎవరో అందం కోసం కొత్త సాకెట్ బిగించేసి పోయుంటారు. డిఫరెన్షియల్ ఉంది కదా ఏం పర్లేదు అంటారు. ఎర్త్ ఉంటే గ్రైండర్ బాడీకి కరెంటు తగిలిన క్షణంలోనే అది ఎర్త్ వైరు గుండా పోయి డిఫరెన్షియల్ పడిపోద్ది, మీరు దగ్గర కూడా ఉండక్కర్లేదు. ఎర్త్ లేకపోతే అది పడాలంటే ఆ కరెంటు పోవడానికి దారి కావాలి, ఆ దారి ఎవరో ముట్టుకున్న మనిషే. ముందు షాకు, తర్వాత ట్రిప్పు. చిన్నపిల్లలున్న ఇళ్ళల్లో ఇది చూసి కూడా సాకెట్ మార్చేసి డబ్బులు తీసుకుని రావడం మా వల్ల కాదండి. మేం మీటరుతో కొలిచేది ఇదే, మెయిన్ 500 మిల్లీ ఆంపియర్లది కాబట్టి ఎర్త్ 100 ఓములు దాటకూడదు.

మన ఇళ్ళల్లో దీనికి తోడు ఇండియా నించి తెచ్చిన వెట్ గ్రైండర్లు, మిక్సీలు, రైస్ కుక్కర్లు. అవి ఇక్కడ బ్రహ్మాండంగా పని చేస్తాయి, నేనూ వాడతాను. గొడవంతా ఆ యూనివర్సల్ అడాప్టర్‌తోనే, మూడు పిన్నుల ప్లగ్గుని తీసుకుని రెండే పిన్నులు బయటికిచ్చే రకాలు ఎక్కువ, దాంతో ఎర్త్ అక్కడే తెగిపోద్ది. పప్పు రుబ్బే చోట నీళ్ళుంటాయి, తడి చేతులుంటాయి. దయచేసి అడాప్టర్ పక్కన పడేసి, ఎర్త్ ఉన్న ఫ్రెంచ్ ప్లగ్గు వేయించుకోండి, పెద్ద ఖర్చు కాదు, వేరే పని మీద మీ ఇంటికొచ్చినప్పుడు ఊరికే వేసిస్తాం.

ఇకపై ఒప్పుకోని పనులు కూడా చెప్పేస్తాను. 16 ఆంపియర్ల బ్రేకర్ మాటిమాటికీ పడుతుంది, 20 దో 32 దో వేసేయండన్నా అంటే వేయం. బ్రేకర్ కాపాడేది వెనకున్న వైరుని, 1.5 వైరు మీద 32 వేస్తే బ్రేకర్ పడదు, గోడలో వైరు కాల్తది. వైరు కూడా మార్చమంటే ఒప్పుకుంటాం. మెయిన్ బ్రేకర్ సీలు కూడా మేం ముట్టుకోం, అది ఎనెడిస్ (మీటర్లూ కరెంటు లైన్లూ చూసే కంపెనీ) వాళ్ళ పని.

అద్దెకుండే వాళ్ళకి ఒక మాట. టాబ్లో బాగుచేయించాల్సింది ఓనరే, మీరు కాదు. 15 ఏళ్ళు దాటిన వైరింగ్ అయితే అద్దె అగ్రిమెంటుతో పాటు ఎలక్ట్రికల్ డయాగ్నోస్టిక్ రిపోర్ట్ ఇవ్వాలి, 2018 జనవరి నించి అన్ని పాత ఇళ్ళకీ ఈ రూల్ ఉంది, ఆరేళ్ళు చెల్లుద్ది. ఇవ్వకపోతే అడగండి, అందులో ఎర్త్ లేదని రాసుంటే ఆ పేజీ పెట్టి ఓనర్‌కి రిజిస్టర్డ్ లెటర్ రాయండి. స్టూడెంట్స్ భయపడతారు ఇల్లు పోద్దేమోనని, నాకు అర్థమవుద్ది, లెటర్ ఎలా రాయాలో తెలీకపోతే మేం సాయం చేస్తాం. అసలు బిల్డింగ్‌కే ఎర్త్ లైను పైదాకా రాకపోతే మాత్రం అది సిండిక్‌తో, అంటే బిల్డింగ్ మేనేజర్‌తో, ఓనర్ల మీటింగులో తేలాల్సిన విషయం, టైం పడుద్ది, అప్పటిదాకా ప్రతి లైనూ 30 మిల్లీ ఆంపియర్ల కింద ఉండేలా చేయడం మా చేతిలో ఉంది.

2025 నవంబర్ నించి ఆఫ్‌పీక్ టైములు, అంటే కరెంటు రేటు తక్కువుండే గంటలు, కొంతమందికి మారుతున్నాయి, రాత్రివి కొన్ని గంటలు మధ్యాహ్నానికి వస్తున్నాయి. మీ గీజర్ టాబ్లోలో ఉన్న కాంటాక్టర్ (మీటరు సిగ్నల్‌తో గీజర్‌ని ఆన్ చేసే స్విచ్) మీద నడుస్తుంటే ఏం చేయక్కర్లేదు, మీటరే సిగ్నల్ ఇస్తది, స్విచ్ ఆటోలో ఉంచితే చాలు, 1 మీద ఉంచితే ఏ టైములోనైనా రేటు చూడకుండా కాగుతూ ఉంటది. విడిగా టైమర్ పెట్టుకున్న వాళ్ళు మాత్రం మార్చుకోవాలి.

ఫోన్ చేసే ముందు టాబ్లో ఫోటో ఒకటి మూత తీయకుండా తీసి వాట్సాప్‌లో పెట్టండి, ఏ బ్రేకర్ కింద పడుందో కనిపించేలా. లోపలి వైర్లు ముట్టుకోవద్దు, టాబ్లోలో అన్నీ దించేసినా పైనించి వచ్చే వైరులో కరెంటు ఉంటది. ఇప్పటికే దెవీ (ఖర్చు అంచనా కాగితం) ఇచ్చిన పనులకి పాత రేటే, మారదు. కొత్త పద్ధతి, కొత్త ఛార్జ్ వచ్చే నెల ఒకటో తారీకు నించి.