టైగర్ మాత్‌కు రంగు కాదు, గుడ్డ మార్చాలి

ఎడిటర్ గారికి,

కొయ్య రెక్కలపై గుడ్డ కప్పిన పాత టైగర్ మాత్ శిక్షణ విమానానికి పైపైన రంగు కొట్టి సరిపెడితే డబ్బు దండగ. రెక్క గుడ్డ వేలితో నొక్కితే చిరిగేలా ఉంటే మొత్తం విప్పాల్సిందే. విప్పాక రెక్క లోపలి అడ్డ చట్రాలైన కొయ్య పక్కటెముకల జిగురు అతుకులు, నీరు నిలిచే వెనక అంచు తడిమి చూడాలి; గుడ్డ కప్పాక అవి కనబడవు.

లినెన్ (అవిసె నార గుడ్డ) బదులు పాలిస్టర్ వేస్తే ఇస్త్రీ పెట్టెతో బిగించాలి. మొదట సుమారు 120 డిగ్రీల సెల్సియస్, చివర 175. అది దాటితే బిగువు సడలుతుంది. పెట్టె మీది అంకెలను నమ్మొద్దు, థర్మామీటర్‌తో కొలవండి. ఆపై మైనం పట్టించిన దారంతో పక్కటెముకలకు కుట్టాలి. ప్రొపెల్లర్ గాలి కొట్టే చోట కుట్లు మరింత దగ్గరగా ఉండాలి. పాలిస్టర్‌పై బిగుసుకునే రకం డోప్ (గుడ్డను గట్టిపరిచే వార్నిష్ లాంటి పూత) పూస్తే వెనక అంచు వంగిపోతుంది.

మా బరంపురం, గోపాలపూర్ వైపు అసలు చిక్కు చెమ్మ. డోప్‌లోని ద్రావకం ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది. గాలిలోని తేమ దానిపై దిగడంతో పూత తెల్లగా పాలిపోతుంది. ఆ పొర బలహీనం. దానిపైనే ఇంకో కోటు వేసేవాళ్లకు దండం పెట్టాలి! వానాకాలం డోప్ జోలికి పోకుండా పుష్య, మాఘ మాసాల్లో పొద్దెక్కాక పూయండి. అల్యూమినియం పొడి కలిపిన వెండి పూత మాత్రం మానొద్దు, ఎండ నుంచి గుడ్డను కాచేది అదే.

– విమాన మరమ్మతు పనివారు, బరంపురం, ఒడిశా