తుంటి ఆపరేషన్ ముందు శీనుకి

ఒరేయ్ శీనూ,

నాన్నగారి తుంటి ఆపరేషన్ గురువారమని రాశావుగా. సర్జన్ మంచివాడంటున్నావు, ఇక ఆ బెంగ వదిలెయ్. నువ్వు కనిపెట్టుకుని ఉండాల్సింది వార్డులో ఉన్నన్ని రోజులూ. ఆస్పత్రిలో అంటుకునే ఇన్‌ఫెక్షన్లలో కొన్ని ఒంటికి పెట్టిన గొట్టాలు పట్టుకునే లోపలికి పోతాయిరా.

ముందు రోజు తుంటి దగ్గర వెంట్రుకలు తీయాలంటే రేజర్ పట్టనివ్వకు. కంటికి కనపడని గాట్లు పడతాయి, క్రిములు చేరేది అక్కడే. తప్పదంటే క్లిప్పర్ వాడమను. షుగర్ 200 దాటకుండా చూడమను.

అసలు తంటా యూరిన్ పైపుతో. బ్యాగ్ ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే వేలాడాలి, అలాగని నేలకు తగలకూడదు. ఎక్స్‌రేకి తీసుకెళ్లేటప్పుడు వార్డ్ బాయ్ అడ్డం లేకుండా దాన్ని తీసి పేషెంటు పొట్ట మీద పెట్టేస్తాడు. గొట్టంలో నిలిచిన మూత్రం క్రిములతో సహా వెనక్కి పోతుంది. స్ట్రెచర్ ఎక్కించకముందే బ్యాగ్ ఖాళీ చేయించి, పక్క కమ్మీకి కిందుగా తగిలించమను. మామూలప్పుడు కూడా మూడింట రెండొంతులు నిండేదాకా ఆగొద్దు. ఖాళీ చేసే మగ్గు నాన్నగారికి విడిగా ఉండాలి, బ్యాగ్ కింది మూతి దానికి తగలకూడదు. పైపు తొడకి టేపు వేసి ఉందో లేదో చూడు. బ్యాగ్‌నీ పైపునీ విడదీసి మళ్లీ తగిలించడం మాత్రం ఒప్పుకోకు.

రోజూ రౌండ్స్‌లో ఒక్కటే అడుగు: "డాక్టరుగారూ, ఈ పైపు ఇంకా అవసరమా?" పెద్దాయన లేవలేరు, పక్క తడుస్తుందని ఉంచేస్తుంటారు. అది వాళ్ల సౌకర్యమే కానీ వైద్యం కాదు. యూరిన్ పాట్ ఉందిగా!

చేతికున్న కాన్యులా (నరంలోకి మందు ఎక్కించే సన్న గొట్టం) మూతిని సిస్టర్ ఇంజెక్షన్ ఇచ్చేముందు ఆల్కహాల్ స్వాబ్‌తో 15 సెకన్లు రుద్ది, ఆరనివ్వాలి. తడి మీదే ఎక్కిస్తే రుద్దిందంతా వృథా. అక్కడ ఎర్రబడినా, వాచినా, నొప్పన్నా వెంటనే చెప్పి తీయించు.

శానిటైజర్ 20–30 సెకన్లు రుద్దుకోవాలి. బొటనవేలూ గోళ్ల చివరలూ అందరూ వదిలేసేవే. నాన్నగారికి విరేచనాలు మొదలైతే మాత్రం సబ్బూ నీళ్లే, 40–60 సెకన్లు. కొన్ని క్రిముల స్పోర్లు, అంటే గట్టి పెంకున్న విత్తనాల్లాంటివి, ఆల్కహాల్‌కి చావవు. గ్లవ్స్ ఉన్నాయిగా అంటారు, పక్క బెడ్ దగ్గర వేసుకున్నవాటితోనే వస్తే ఇంకా ప్రమాదం.

చూడ్డానికొచ్చే చుట్టాలకి కుర్చీ వేయించు, మంచం మీద కూర్చోనివ్వకు. జలుబున్న మీ బాబాయిని ఫోన్లోనే పలకరించమను.

నీ,
వాసు