లీ బవరీ ఫోటో వేసి ఊరుకుంటే ఎలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో, 1980ల్లో లండన్ క్లబ్బుల్లో తన వేషాలతో పేరు తెచ్చుకున్న కళాకారుడు లీ బవరీ ఫోటో చూశాను. తల మొత్తం చమ్కీ గుడ్డతో కప్పేసుకుని కళ్లకీ నోటికీ మాత్రం బెజ్జాలు పెట్టుకున్న మనిషి బొమ్మ వేసి, ఒకప్పుడు లండన్ క్లబ్బుల్లో ఇలాంటి పిచ్చి వేషాలు కూడా వేసేవాళ్లట అన్నట్టు రెండు ముక్కలు రాసి వదిలేశారు. నాకు చాలా బాధేసింది. నేను తెనాలిలో లేడీస్ టైలర్‌ని, మగ్గం వర్క్ కూడా చేస్తాను. 2025 వేసవిలో లండన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు టేట్ మోడరన్ మ్యూజియంలో అతని మీద పెట్టిన ప్రదర్శన చూశాను కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ క్లబ్బు సంగతి చెప్పాలి. బవరీది ఆస్ట్రేలియా, మెల్‌బోర్న్ పక్కన సన్‌షైన్ అనే చోట పుట్టాడు. ఫ్యాషన్ చదువు మధ్యలో వదిలేసి 1980లో లండన్ వచ్చి బర్గర్ కొట్లో పని చేసుకుంటూ బట్టలు కుట్టుకునేవాడు. 1985 జనవరిలో టోనీ గోర్డన్ అనే అతనితో కలిసి లెస్టర్ స్క్వేర్‌లోని ఒక డిస్కోలో గురువారం రాత్రుల పూట 'టాబూ' అనే క్లబ్బు మొదలుపెట్టాడు. మీ ప్రాణం ఆ వేషం మీదే ఆధారపడి ఉందన్నట్టు తయారై రండి, లేకపోతే రానే వద్దు, ఇదీ అక్కడి రూలు. గుమ్మం దగ్గర నిలబడ్డ కుర్రాడు అద్దం పట్టుకుని, నువ్వే అయితే నిన్ను లోపలికి రానిస్తావా అని అడిగేవాడట. అంతకుముందే 1979లో కోవెంట్ గార్డెన్‌లో బ్లిట్జ్ అనే చోట స్టీవ్ స్ట్రేంజ్ ఇలాగే వేషం చూసి మనుషుల్ని లోపలికి పంపేవాడు, తర్వాత పెద్ద గాయకుడైన బాయ్ జార్జ్ అప్పట్లో అక్కడ వచ్చినవాళ్ల కోట్లు భద్రం చేసే పని చేసేవాడు. టాబూ నడిచింది బ్రిటన్‌లో 30 లక్షల మందికి పైగా నిరుద్యోగులున్న కాలంలో. ఉద్యోగాల్లేని పిల్లలు పాత బట్టలు, పరదా గుడ్డలు, ఏది దొరికితే అది కత్తిరించుకుని వారమంతా కుట్టుకుని ఒక్క రాత్రి కోసం వేసుకొచ్చేవాళ్లు. డబ్బున్నవాళ్ల సరదా అనుకుంటే పొరపాటే.

ఇక కుట్టుపని. చమ్కీ గుడ్డ కుట్టిన ఎవరికైనా తెలుసు, కుట్టు వచ్చే చోట చమ్కీలు ఒక్కొక్కటీ ఊడదీయాలి, లేకపోతే మెషిన్ సూది విరిగిపోతుంది. కుట్టు వేశాక ఆ ఖాళీలో మళ్లీ చేత్తో అద్దాలి. జాకెట్టుకి చేయాలంటేనే ఒక పూట పోతుంది. అలాంటిది కాళ్ల దగ్గర్నుంచి నడినెత్తి దాకా, ముఖంతో సహా, ఎక్కడా సందు కనపడకుండా కుట్టడమంటే మాటలు కాదు. ఆ చమ్కీలు, పూసల పని చాలా వరకు నికోలా బేట్‌మన్ అనే ఆవిడ చేతిది. చివర్లో బవరీ పెళ్లి చేసుకున్నది కూడా ఆవిడనే. మీ ఫోటో కింద ఆవిడ పేరు లేదు. 1986లో ఒక పత్రిక వాళ్లు డిజైనర్లకి జీన్స్ జాకెట్లు ఇచ్చి మీకు నచ్చినట్టు మార్చండి అంటే, బవరీ ఆ జాకెట్ నిండా బంగారు రంగు హెయిర్‌పిన్నులు గుచ్చేశాడు, దూరం నుంచి చూస్తే జంతువు బొచ్చులా ఉంటుంది.

ఇంకో సంగతి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది అడిగేది లావు కనపడకుండా కుట్టమనే. ఆయనది భారీ శరీరం. దాన్ని దాచలేదు సరికదా, పొట్ట ముందుకొచ్చేలా, ఛాతీని టేపుతో బిగించి రొమ్ములొచ్చేలా, ఒళ్లే గుడ్డ అన్నట్టు మలిచాడు. మన స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కడితే చూసినవాళ్లు ఆడమనిషే అనుకునేవాళ్లని మా ఊళ్లో ఇప్పటికీ చెబుతారు, కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ గారిదీ అదే ఘనత. బవరీ దారి పూర్తిగా వేరు. ఆడదీ కాదు మగాడూ కాదు, అసలు అంతకుముందు ఎవరూ చూడని ఆకారం కావాలని చేశాడు. స్థానం గారికి 1956లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించుకున్న మనం, పరాయి దేశంవాడి వేషమనేసరికి ఎందుకు నవ్వులాటగా తీసుకోవాలి?

అంతా పొగడమని నేననడం లేదు. టాబూకి ముందే బవరీ ఒక వేషం కట్టాడు. మన దేవుళ్ల పటాల్లోలాగా ముఖానికి నీలం రంగు, ముక్కుపుడకలు, మెరుపు గుడ్డలు. దానికి అతను పెట్టిన పేరులో, అక్కడ మనవాళ్లనీ పాకిస్తానీ, బంగ్లాదేశీవాళ్లనీ తిట్టే తిట్టు ఉంది. అతను ఉండే స్టెప్నీకి దగ్గర్లోనే 1978 మే 4న అల్తాబ్ అలీ అనే పాతికేళ్ల బంగ్లాదేశీ కుర్రాడిని, పని నుంచి ఇంటికి వెళ్తుంటే, జాతి ద్వేషంతో చంపేశారు. అతనూ బట్టలు కుట్టే కార్మికుడే. వైట్‌చాపెల్‌లో అతని పేరు పెట్టిన పార్కులో నేనూ మా అమ్మాయీ కాసేపు కూర్చున్నాం. ఆ వీధుల్లో ఆ తిట్టు విన్నవాళ్ల వెనక కత్తులు పట్టుకుని తిరిగేవాళ్లు ఉండేవారు. అది తెలిసి కూడా బవరీ ఆ పేరు పెట్టుకోవడం తప్పే, ఎంత గొప్ప కళాకారుడైనా సరే. మన పాఠకులకి ఈ ముక్క చెప్పాల్సింది మన పత్రికలే కదా, మీరు అదీ రాయలేదు.

మాదకద్రవ్యాల గోల పత్రికలకెక్కడంతో టాబూ 1986లోనే మూతపడింది. గుమ్మంలో అద్దం పట్టిన మార్క్ వాల్టియర్, బవరీ ప్రాణ స్నేహితుడు ట్రోజన్, ఇద్దరూ ఆ ఏడాదే చిన్న వయసులో పోయారు. తర్వాత ఎయిడ్స్ ఎంతమందిని తీసుకుపోయిందో. ఆ జబ్బు పేరు చెప్పి జనాన్ని రెచ్చగొట్టిన రోజుల్లోనే, 1988లో, స్వలింగ సంపర్కాన్ని ప్రోత్సహించకూడదని స్థానిక సంస్థలకి ఆంక్ష పెడుతూ బ్రిటన్‌లో చట్టం చేశారు, ఇంగ్లండ్‌లో దాన్ని ఎత్తేసింది 2003లో. బవరీ అదే 1988లో ఒక గ్యాలరీలో ఒకవైపు నుంచే కనపడే అద్దం వెనక రోజుకో వేషంతో కూర్చున్నాడు, చూసేవాళ్లు అతనికి కనపడరు. 1994 డిసెంబరు 31న ఎయిడ్స్‌తోనే చనిపోయాడు, అప్పటికి 33 ఏళ్లు. జబ్బు సంగతి దగ్గరివాళ్లలో కూడా చాలామందికి చెప్పలేదు. పేరున్న చిత్రకారుడు లూసియన్ ఫ్రాయిడ్ వేసిన అతని బొమ్మలు, ఫ్యాషన్ డిజైనర్ అలెగ్జాండర్ మెక్‌క్వీన్ 2009లో మోడల్స్‌కి దిద్దించిన ఆ పెద్ద పెద్ద పెదాలు, అన్నీ అతని దగ్గర్నుంచి వచ్చినవే.

నేను అడిగేది ఒక్కటే. ఒక పేజీ ఇచ్చి ఈ చరిత్ర సరిగ్గా రాయించండి, కుట్టినవాళ్ల పేర్లతో, ఆ తిట్టు సంగతితో సహా. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ డ్రాగ్ ప్రదర్శనలు, అంటే ఆడామగా హద్దులు చెరిపేసేలా వేషాలు కట్టి ఆడే ప్రదర్శనలు, జరుగుతున్నాయి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద, ఇష్టపడి చేసే స్వలింగ సంపర్కం నేరం కాదని తీర్పు ఇచ్చాక కూడా వాటి వార్తలు వింత విశేషాల కింద వేయడం మానలేదు. ఈసారి మీ విలేకరి అక్కడికి వెళ్తే ఫోటో తీసుకుని వచ్చేయకుండా, ఆ బట్టలు ఎవరు కుట్టారు, ఎంత ఖర్చయింది, ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు, పేరు ఏమని రాయమంటారు అని అడగమనండి.

ఇట్లు
ఒక పాఠకురాలు, తెనాలి