దూడ లేచి పాలు తాగుతోంది, అందరికీ దండాలు

అందరికీ నమస్కారం. ఫోన్ చేసి అడుగుతున్న వాళ్లందరికీ ఒకేసారి చెబుతున్నా: పుట్టగానే చలికి బిగుసుకుపోయిన మా దూడ బాగుంది. పెయ్యదూడ. తల్లి కూడా మేత మేస్తోంది, మాయ ఆ పొద్దున్నే పడిపోయింది. పేర్లు రాయొద్దని కొందరు గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. కానీ ఎవరు ఏం చేశారో నలుగురికీ చెప్పకపోతే నాకు ముద్ద దిగదు.

మాది మహారాష్ట్ర నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలో అడవి అంచున ఉన్న ఊరు. సంక్రాంతి ముందు ఇక్కడి చలి సంగతి పైనగంగకు ఇటు వాళ్లకూ అటు వాళ్లకూ తెలిసిందే. ఆ వారం తెల్లవారుజామున ఫోన్‌లో ఏడు డిగ్రీలు చూపించింది. కొట్టంలో ఇంకా తక్కువే ఉండి ఉంటుంది.

ఈనింది మా వైపు జాతి లాల్ కంధారి ఆవుకు జెర్సీ సూది (ఆబోతు లేకుండా కట్టించే ఇంజెక్షన్) వేయిస్తే పుట్టిన పెయ్య. తొలిచూలు. పోయిన చలికాలంలోనే కట్టించాలని చూశాం. సూది నిలవలేదు, మళ్లీ ఎదకొచ్చింది, అలా జరిగి జరిగి మార్చి ఆఖరుకు నిలిచింది. తొమ్మిది నెలలకు పది రోజులు కలిపి చూస్తే సరిగ్గా పండగ ముందు చలికి వచ్చి పడుతోంది. ముందే తెలిసినా చేసేదేముంది, కడుపులో ఉన్నదాన్ని వాయిదా అడగలేం కదా. మా ఆయన, మామయ్య కంటి ఆపరేషన్ కోసం, నాందేడ్‌లో ఉన్నారు. ఇంట్లో నేనూ, అత్తమ్మా.

రాత్రి మూడు దాటాక ఈనింది. ఈనిన ఆవు దూడను నాకాలి. నాకితే తడి ఆరుతుంది, రక్తం ఆడుతుంది. ఇది బెదిరిపోయి గోడకు ఆనుకుని నిలబడింది, దగ్గరకు తోస్తే తలతో నెట్టేసింది. దూడ ఉమ్మనీటి తడితో అలాగే పడి ఉంది. నోట్లో వేలు పెడితే లోపల కూడా చల్లగా తగిలింది, నాలుక కదల్లేదు. వణకడం కూడా లేదు. వణకడం లేదంటే మంచిదే అనుకున్నా నేను.

అప్పుడు గుర్తొచ్చింది గోపాలమిత్ర సార్, ఊళ్లు తిరిగి పశువులకు సూదులు వేసేవారు. ఆదిలాబాద్ వైపు చాలా ఏళ్లు పనిచేసి ఇప్పుడు ఇంటి పట్టున ఉంటున్నారు. 1956లో రాష్ట్రాల హద్దులు మార్చినప్పుడు కిన్వట్ ఆదిలాబాద్ జిల్లా నుంచి తెగి ఇటొచ్చింది కానీ చుట్టరికాలు తెగలేదు, మాకు ఆపద వస్తే ఫోన్ ఇప్పటికీ అటే పోతుంది. రెండో రింగుకే ఎత్తారు. ముర్రుపాలు పిండి గొంతులో పోయమంటారా అని అడిగితే ఒక్క కేక వేశారు. "పొయ్యకమ్మా! చప్పరియ్యని దూడకు పాలు పోస్తే ఊపిరితిత్తులల్లకు పోతయ్. ముందు వేడి చెయ్యి, పాలు తర్వాత." కొట్టంలో మంట పెట్టొద్దని, చుట్టూ చొప్ప ఉంటుంది కాబట్టి ఆ ఆలోచనే వద్దని కూడా అప్పుడే చెప్పారు. వేడినీళ్ల తొట్టిలో దూడను మెడ దాకా దించమన్నారు.

అన్ని వేడినీళ్లు ఆ వేళప్పుడు ఎక్కడివి? బస్టాండు దగ్గర హోటల్ కాకా మొదటి బస్సు కోసం నాలుగింటికే భట్టి వెలిగిస్తాడు. ఫోన్ చేసిన కాసేపటికే రెండు పాల క్యాన్లు లూనాకు కట్టుకుని వచ్చాడు. మఫ్లర్ కట్టుకునే తీరిక కూడా లేకుండా వచ్చినట్టున్నాడు, మీసాల మీద మంచు తడి. కుడితికి వాడే నీలం డ్రమ్ము, నిలువునా కోసింది ఉంటే దాన్నే కడిగి నీళ్లు పోశాం. మోచెయ్యి ముంచి చూసి, చన్నీళ్లు కలిపి, దూడను దించాం. తల నీళ్లలోకి జారకుండా అత్తమ్మ ఒళ్లో పెట్టుకుంది. నీళ్లు చల్లబడుతుంటే కాకా మళ్లీ వెళ్లి తెచ్చాడు. ఆ పొద్దున బస్సు డ్రైవర్‌కు చాయ్ ఎవరు పోశారో నాకు తెలియదు.

సార్ లైన్ మీదే ఉండి ఒకటే ప్రశ్న అడుగుతున్నారు, "వణుకుతోందా?" అని. చాలాసేపు లేదు. తర్వాత తొడ దగ్గర మొదలై ఒళ్లంతా వణికింది. నేను భయపడి చెబితే ఆయన గట్టిగా నవ్వారు. "ఇగ బతుకుతది, బయటికి తీసి తుడువు." మరీ చల్లబడిపోయిన దూడకు వణికే శక్తి కూడా ఉండదట, వేడెక్కుతుంటే మళ్లీ వణుకు వస్తుందట. ఈ ఒక్క ముక్క అందరూ గుర్తుపెట్టుకోండి.

తుడవడం మా వల్ల అయ్యే పని కాలేదు. తాండా నుంచి వచ్చిన ఆడమనిషి, మేం బాయి అంటాం, ఆమె చేతుల్లో ఉంది ఆ పని. ఎండు గోనెసంచులతో వెంట్రుకలకు ఎదురుగా రుద్ది రుద్ది, తడిసిన సంచి పక్కన పడేసి ఇంకోటి అందుకుంది. సంచులు అయిపోతే ఇంటి నుంచి ఒక మూట పత్తి తెప్పించి దూడ కిందా పైనా పరిచింది. ఏరి అమ్మకానికి పెట్టుకున్న పత్తి! తేమ ఎక్కువుందని ధర కోసే వ్యాపారులకు ఆ మూట చూపిస్తే ఏమనేవాళ్లో. దాని డబ్బు తీసుకోమంటే తిట్టింది.

తన్నే ఆవు దగ్గర కూర్చుని ముర్రుపాలు పిండింది కూడా ఆమే. అప్పటికి దూడ నా వేలు చప్పరిస్తోంది. బరువులో పదో వంతు ముర్రుపాలు కావాలన్న లెక్కన, పాతిక కిలోల దూడకు రెండున్నర లీటర్లు. సీసాతో ఆపి ఆపి తాపాం. మొదటి గంటల్లో తాగిన పాలే దూడకు రోగాలను తట్టుకునే బలం ఇస్తాయి, రోజు గడిచాక తాపితే కడుపు నిండుతుంది కానీ ఆ బలం ఒంటికి పట్టదు. ఎండ వచ్చాక 1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్‌లో డాక్టరమ్మ వచ్చారు. థర్మామీటర్ పెట్టి నూట ఒకటి, దూడకు అది మామూలే అన్నారు, బొడ్డుకు అయోడిన్ వేశారు, ఆవు పొదుగు కూడా చూసి వెళ్లారు. ఆమెకూ, డ్రైవర్ అన్నకూ దండాలు.

సంక్రాంతి నాడు సార్ స్వయంగా వచ్చారు. దూడను చూసి ఊరుకోలేదు, గోడ మీది క్యాలెండర్ దింపించి మా ఆవుల లెక్క రాశారు. డిసెంబర్ ఇరవై నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా ఈత వద్దనుకుంటే మార్చి నడిమి నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా సూది వేయించకూడదు. జనవరి మొదటి వారంలో నిలిస్తే అక్టోబర్ నడిమికి ఈనుతుంది. అప్పటికి వానలు తగ్గుతాయి, గట్ల మీద పచ్చగడ్డి ఉంటుంది, చలి ముదిరేనాటికి దూడకు రెండు నెలలు నిండుతాయి. పైగా చల్లటి నెలల్లో ఆవులు ఎదకు రావడం కూడా బాగా తెలుస్తుంది.

అమెరికాలో నెబ్రాస్కా, మోంటానా వైపు వందల ఆవులు పెంచేవాళ్లకూ ఇదే చిక్కని ఆయన చెబితే తెలిసింది. అక్కడ ఫిబ్రవరి, మార్చిలో మంచు మధ్య ఈనే మందలను చాలామంది ఏప్రిల్, మే నెలలకు జరుపుకున్నారట. అందుకు మందలోకి ఆబోతులను వదిలే తేదీని ఆలస్యం చేస్తే సరిపోతుంది. మనం మే నెలకు జరిపితే దూడ చలికి కాదు, ఎండకు పోతుంది. వాళ్ల నెలలు మనకు పనికిరావు, తేదీ ముందే చూసుకోవడం మాత్రం పనికొస్తుంది.

అయితే సార్ చెప్పినదంతా నేను ఒప్పుకోలేదు. ఒక ఎద వదిలేస్తే ఇరవై ఒక్క రోజులు, రెండు వదిలేస్తే నలభై దాటుతుంది. అన్నాళ్లు పాలు లేకుండా మేపాలి. పది ఆవులున్న వాళ్లకు అది లెక్కలోకి రాదేమో, మాకు వస్తుంది. అత్తమ్మ మాట కూడా కొట్టిపారేయలేను: చలికాలం ఈత ఆవుకు సుఖం, ఈగలుండవు, మేత బాగా తింటుంది, పాలు దిగుతాయి. కష్టం దూడకే. అందుకే పెయ్యలకు మాత్రం ఆ నెలన్నర సూది ఆపుతా. ముసలావు దూడను పుట్టీపుట్టగానే నాకి లేపుతుంది, దానికి ఏ నెలైనా ఫర్వాలేదు.

సార్ చెప్పిన ఇంకో కిటుకు మాకు నచ్చింది. ఈనే నెలలో మేత పొద్దున కాకుండా చీకటి పడే వేళ వేయాలి. అలా చేస్తే ఎక్కువ ఆవులు పగలే ఈనుతాయి. కెనడాలోని మానిటోబాలో గస్ కోనెఫల్ అనే రైతు పేరు మీద ఈ పద్ధతికి పేరొచ్చింది. అమెరికాలోని అయోవాలో పదిహేను మంది రైతుల దగ్గర ఇలా చీకటి వేళ మేత వేసిన 1,331 ఆవులను చూస్తే ఎనభై ఐదు శాతం పొద్దున ఆరుకూ సాయంత్రం ఆరుకూ మధ్యే ఈనాయట. ఎందుకలా జరుగుతుందో సార్ కూడా గట్టిగా చెప్పలేదు. ఖర్చు లేని పని, చేసి చూస్తాం. పగలు ఈనితే హోటల్ కాకా నిద్రయినా మిగులుతుంది.

బాయి సంచులు ఉతికి ఆరేశాం, రేపు పంపిస్తా. క్యాన్లు చేరిపోయాయి. ఆ గడబిడలో ఎవరో దూడ మీద కప్పి వెళ్లిన గొంగడి మా దగ్గరే ఉంది. నల్లది, ఒక మూల ఎర్ర దారంతో కుట్టు వేసి ఉంది. అడిగిన వాళ్లంతా మాది కాదంటున్నారు. ఎవరిదైతే వాళ్లు వచ్చి తీసుకెళ్లండి, చాయ్ తాగి వెళ్లాలి.